గోడ అవతల బస్టాపు

ఉద్యోగం పోయి నాలుగేళ్ళు దాటినా ఆమెను అందరూ కండక్టరమ్మ అనే పిలుస్తారు. ఇరవై ఆరేళ్ళు ఒకే రూటు బస్సులో టిక్కెట్లు కొట్టిన మనిషి. కదులుతున్న బస్సులో దేన్నీ పట్టుకోకుండా నిలబడటం, వెనక సీటుదాకా వినపడేలా స్టాపు పేరు చెప్పడం, ఎవరు ఎక్కడ దిగుతారో మొహం చూసి పోల్చుకోవడం ఆమెకొచ్చిన విద్యలు. ఆ తర్వాత బస్సు తలుపు దగ్గరే టిక్కెట్టు మిషన్లు బిగించారు. కండక్టర్లను ఒకరి తర్వాత ఒకర్ని ఇంటికి పంపారు.

ఇంట్లో కూర్చున్న ఆ ఏడాది మొగుణ్ణి కాల్చుకు తింది. ఆయన దర్జీ. ముందు గదిలోనే మిషను పెట్టుకుని పొద్దస్తమానం కుడుతూ ఉంటాడు, ఎక్కువ మాట్లాడడు. ఆయన మాట్లాడకపోవడం మీద కూడా ఆమె పోట్లాడింది. చివరికి ఆయనే బావమరిదికి కబురు పెట్టాడు: "మీ అక్కకు ఏదైనా పని చూడరా బాబూ. లేకపోతే నేను ఇల్లు వదిలి పోవాల్సొచ్చేలా ఉంది."

ఆ తమ్ముడు కొత్తగా కట్టిన ఒక పెద్ద కాలనీలో కరెంటు పనులు చేసేవాడు. అక్కడి ఆఫీసులో ఒక మనిషి కావాలని తెలిసి అక్కను తీసుకెళ్ళి మేనేజరు ముందు నిలబెట్టాడు.

మేనేజరు చిన్నవాడు. చొక్కా నలగదు, మాట తడబడదు.

"మూడు వందల పది ఇళ్ళు కట్టామమ్మా," అన్నాడు. "బయటి రోడ్డేమో ఇరుకు. ఇంతమందీ కార్లేసుకుని ఒక్కసారే బయల్దేరితే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారని మునిసిపాలిటీవాళ్ళు ఒక షరతు పెట్టారు. రెండేళ్ళపాటు ఒక మనిషి ఇక్కడుండి, ఇళ్ళవాళ్ళు కార్లు తగ్గించి బస్సు, సైకిలు, నడక అలవాటు చేసుకునేలా చూడాలట."

"ఎంత తగ్గాలి?"

"అయిదో వంతు."

"తగ్గకపోతే?"

మేనేజరు నవ్వాడు. "ఏడాదికోసారి ఒక ఫారం నింపి పంపాలి. అంతే."

ఆమె నవ్వలేదు. ఇరవై ఆరేళ్ళు జనాన్ని బస్సెక్కించి జీతం తీసుకున్న మనిషి. కార్లలోంచి దింపి బస్సెక్కించమంటే అది తన పనే అనిపించింది. ఆ సంగతి ఇంట్లో చెబితే, దర్జీ కత్తెర పక్కన పెట్టి మరీ అడిగాడు.

"బస్సులో జాగా లేదు, దిగండి దిగండి అని అన్నేళ్ళు అరిచావు. ఇప్పుడు రండి రండి అని ఇళ్ళకెళ్ళి బతిమాలతావా?"

"బతిమాలను. చెప్తాను. వింటారు."

"ఎవరు? కార్లున్నవాళ్ళా?" అని ఆయన మళ్ళీ కత్తెర తీసుకున్నాడు.

మొదటి రోజే బస్సు దిగగానే కాలనీ ఎదురుగానే కనిపించింది. స్టాపుకు ఆనుకుని ఎత్తయిన గోడ, గోడ మీంచి చూస్తే బాల్కనీల్లో ఆరేసిన దుప్పట్లు. ఇంత దగ్గరా అని సంబరపడింది. తీరా చూస్తే లోపలికి దారి లేదు. గోడ పట్టుకుని నడిచి, పెట్రోలు బంకు దగ్గర మలుపు తిరిగి, పెద్ద రోడ్డు దాటి, అవతలి వైపునున్న ముందు గేటు చేరేసరికి ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. చీర అంచు దుమ్ముకొట్టుకుపోయింది.

ఆమెకిచ్చిన గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, మూడు అట్టపెట్టెల నిండా రంగురంగుల కరపత్రాలు ఉన్నాయి. గోడకు కాలనీ పటం వేలాడుతోంది. ఆ పటంలో వెనక గోడను చీల్చుకుంటూ బస్టాపుదాకా ఆకుపచ్చ చుక్కల గీత ఒకటి ఉంది. గీత పక్కన 'బస్టాపు: నాలుగు నిమిషాలు' అని రాశారు. ఆమె ఆ పటం ముందు చాలాసేపు నిలబడింది.

మధ్యాహ్నం వెళ్ళి వెతికింది. చివరి బ్లాకు వెనకాల, జనరేటరు గదికీ చెత్త డబ్బాలకూ మధ్యన, గోడలో నిజంగానే గేటు ఉంది. దిట్టమైన ఇనప రేకు గేటు. ఆకుపచ్చ రంగు ఇంకా నిగనిగలాడుతోంది. దానికి గుప్పెడంత తాళం వేసి ఉంది.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అని వాచ్‌మన్‌ను అడిగింది.

"నేనొచ్చినప్పటి నుంచీ ఇలాగే ఉందమ్మా. ఆఫీసులో అడగండి."

ఆఫీసులో మేనేజరు, గేటు ఇళ్ళవాళ్ళ సంఘానికి అప్పగించేశామన్నాడు. సంఘం ఇంకా ఏర్పడలేదు. ఏర్పడ్డాక సంఘంవాళ్ళు, బయటి దారి మునిసిపాలిటీది కాబట్టి వాళ్ళనే అడగమన్నారు. మునిసిపాలిటీ గుమస్తా, లోపలి గేటుతో మాకేం పని, కట్టినవాళ్ళనే అడగండన్నాడు. ఇలా తిరగడంలోనే నాలుగు నెలలు గడిచాయి. చెప్పులు రెండు జతలు అరిగాయి.

ఆ నాలుగు నెలలూ ఆమె ఊరికే కూర్చోలేదు. కరపత్రాలు సంచిలో వేసుకుని ఇల్లిల్లూ ఎక్కి దిగింది. కొందరు తలుపు సందులోంచే మాట్లాడి పంపించారు. కొందరు ఏదో అమ్మడానికొచ్చిందనుకుని, వద్దమ్మా అని మొహం మీదే తలుపేశారు. ఒక పెద్దాయన మాత్రం లోపల కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, గంటసేపు తన మోకాళ్ళ నొప్పి సంగతి చెప్పాడు.

"బస్సా?" అందొకావిడ, ఆశ్చర్యపోతూ. "ఇక్కడికి బస్సు ఎక్కడుందమ్మా?"

"ఉందమ్మా, గోడ అవతలే. పావుగంటకొకటి వస్తుంది."

"అవతలంటే ఎంతసేపు నడవాలి?"

ఆమెకు అబద్ధం చేతకాదు. "ఇరవై ఆరు నిమిషాలు," అంది.

ఆవిడ కరపత్రం తీసుకుని, అందులో రాసిన నాలుగు నిమిషాలకేసి చూసి, కండక్టరమ్మ మొహంకేసి చూసి, తలుపేసుకుంది. అబద్ధమాడి పట్టుబడినంత సిగ్గయింది ఆమెకు. ఆ సాయంత్రం కూర్చుని మూడు పెట్టెల కరపత్రాల మీదా ఒక్కొక్కదాని మీద పెన్నుతో నాలుగు కొట్టేసి ఇరవై ఆరు రాసింది. మేనేజరు అది చూసి తల పట్టుకున్నాడు.

ఇంత తిరిగితే ఆమె మాట విన్న మనిషి ఒక్కతే. మూడో అంతస్తులో ఉండే లెక్కల టీచరు. పెళ్ళయి ఏడాదే అయింది, అద్దెకు దిగారు, కారు లేదు. రోజూ ఆటోలో వెళ్ళేది.

"నాతో రా తల్లీ," అంది కండక్టరమ్మ. "పొద్దున్నే నేను బస్సు దిగి ఇటు నడిచి వస్తాను. నిన్ను తోడు తీసుకెళ్ళి బస్సెక్కించి మళ్ళీ వస్తాను. నెల రోజులు నడువు, తర్వాత నీకే అలవాటవుతుంది."

"మీకు మూడుసార్లు నడక కదా పిన్నిగారూ?"

"నా కాళ్ళ సంగతి నీకెందుకు?"

నెల పైగా నడిచారు. దారిలో టీచరు తన బడిపిల్లల గురించి చెప్పేది, కండక్టరమ్మ బస్సులో చూసిన వింతలు చెప్పేది. ఒకసారి ఒకాయన కోడిపుంజుకు కూడా టిక్కెట్టిమ్మని పట్టుబట్టిన సంగతి చెబితే టీచరు నడిరోడ్డు మీద పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమెకు ఆ పని దొరికాక సంతోషంగా గడిచిన రోజులేవైనా ఉంటే అవే. మేనేజరుకు కూడా చెప్పింది, ఒక మనిషి మారిందని.

వానలు మొదలయ్యాయి. పెట్రోలు బంకు మలుపు దగ్గర మోకాలి లోతు నీళ్ళు. రెండు రోజులు టీచరు తడిసి బడికెళ్ళింది. మూడో రోజు జ్వరం. వారం తర్వాత కండక్టరమ్మ తలుపు తడితే, టీచరు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఏమీ అనుకోకండి పిన్నిగారూ. మా ఆయన కారు కొనేశారు. రేపొస్తోంది."

"మంచిదమ్మా," అంది కండక్టరమ్మ. ఇంకేమంటుంది? మెట్లు దిగుతుంటే కోపమొచ్చింది కానీ ఆ కోపం టీచరు మీద కాదు. తిన్నగా గేటు దగ్గరకెళ్ళి, ఎవరూ లేకుండా చూసి, దాన్ని కాలితో ఒక్క తన్ను తన్నింది. రేకు ధడాలుమంది. బొటనవేలు మూడు రోజులు వాచింది.

ఇక మర్యాదగా అడిగితే లాభం లేదనుకుని లెక్క పట్టుకుంది. వారం రోజులు పొద్దున ఏడు నుంచి పది దాకా ముందు గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, వెళ్ళే ప్రతి కారులో ఎంతమందున్నారో రాసింది. మనుషుల్ని లెక్కపెట్టడం ఆమెకు కొత్త కాదు. సగటున రోజుకు రెండు వందల పద్నాలుగు కార్లు వెళ్ళాయి. నూట డెబ్బయ్యొక్క కార్లలో ఒక్కరే ఉన్నారు.

ఆ కాగితం పట్టుకుని సంఘం సమావేశానికి వెళ్ళింది. అప్పటికి సంఘానికి పళ్ళ డాక్టరు అధ్యక్షుడు. నెమ్మదైన మనిషి, గొంతు పెంచి మాట్లాడడు. ఆమె లెక్క చదివి, వెనక గేటు తెరిస్తే వీళ్ళలో సగంమంది బస్సెక్కొచ్చు అంది.

ముందు వరసలో ఒకాయన ఒంటికాలి మీద లేచాడు. "మా కారు మా ఇష్టం. అందులో ఒక్కణ్ణి కూర్చుంటానో పదిమందిమి కూర్చుంటామో నీకెందుకమ్మా? మమ్మల్ని కాపలా కాయడానికా నీకు జీతం?"

"మీ ఇష్టమే బాబూ. గేటు తియ్యండి, ఆ తర్వాత మీ ఇష్టం. ఇప్పుడు ఇష్టపడటానికి రెండోది లేదు కదా?"

వెనకాల ఎవరో నవ్వారు. డాక్టరు చెయ్యెత్తి ఆపాడు.

"చూడండమ్మా, గేటు తీస్తే ఎవరెవరో లోపలికొస్తారు."

"ఇప్పుడూ వస్తున్నారు డాక్టరుగారూ. మీ ఇంట్లో వంట చేసే ఆవిడ ఆ గోడ అవతలే ఉంటుంది."

"ఆవిడ సంగతి వేరు."

"వేరేం లేదండీ. చుట్టూ తిరిగి వస్తోంది, అంతే తేడా."

"మా పాత ఇంట్లో రెండుసార్లు దొంగలు పడ్డారు," అన్నాడు డాక్టరు. "రెండోసారి నా భార్య ఒక్కతే ఇంట్లో ఉంది. అప్పటి నుంచీ ఆమె ఒంటరిగా పడుకోలేదు. ఈ గోడ చూసే ఇక్కడ కొన్నాను. మీకు బస్టాపు కనిపిస్తుంది, నాకు గోడ కనిపిస్తుంది."

ఆమె లెక్క కాగితం మడిచి పట్టుకుంది. చేతులెత్తమన్నారు. వద్దన్నవాళ్ళు అరవై ఒకరు, కావాలన్నవాళ్ళు పంతొమ్మిదిమంది. టీచరు చెయ్యెత్తింది కానీ నోరు విప్పలేదు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఆమె ముద్ద ఎత్తలేదు.

"వదిలేయరాదూ," అన్నాడు దర్జీ. "ఆ ఫారమేదో నింపి పడెయ్."

"ఫారంలో ఏం రాయను?"

"నిజం రాయి. నీకు అది తప్ప వేరే ఏం వచ్చు గనక?"

ఆయన విసుగ్గానే అన్నాడు కానీ ఆమె ఆ మాట పట్టుకుంది. ఏడాది ఫారంలో, కార్ల ప్రయాణాలు ఎంత తగ్గాయి అన్న గడిలో, 'తగ్గలేదు, పెరిగాయి' అని రాసింది. కారణాలు అన్న గడిలో, 'పటంలో చూపించిన గేటుకు తాళం వేసి ఉంది' అని రాసింది. మేనేజరు ఊళ్ళో లేని రోజు చూసి, తనే స్వయంగా తీసుకెళ్ళి మునిసిపాలిటీలో ఇచ్చి రసీదు తెచ్చుకుంది.

నెల తిరక్కుండా ఆఫీసుకు నోటీసొచ్చింది. పటంలో ఉన్న నడక దారి తెరిచేదాకా కాలనీవాళ్ళు కట్టబోయే రెండో విడత ఇళ్ళకు అనుమతి ఇవ్వబోమని అందులో రాశారు. మేనేజరు నోటీసు పట్టుకుని ఆమె గదిలోకి వచ్చాడు. మొదటిసారి ఆయన చొక్కా నలిగి ఉంది.

"ఏం రాశారమ్మా మీరు?"

"అడిగిందే రాశాను బాబూ."

"మీకు జీతమిచ్చేది మేమా, మునిసిపాలిటీవాళ్ళా?"

"మీరే. కార్లు తగ్గించమని ఇస్తున్నారు. అదే చేస్తున్నాను."

ఆయన పళ్ళు నూరుకుంటూ వెళ్ళిపోయాడు. కానీ ఆమె ఏడాది పాటు గొంతు చించుకున్నా కానిది ఆయన పది రోజుల్లో చేశాడు. డాక్టరింటికి నాలుగుసార్లు తిరిగాడు, వెనక వైపు కెమెరా పెట్టిస్తానన్నాడు, గేటుకు వేరే వాచ్‌మన్‌ను ఇస్తానన్నాడు. సంఘం ఒప్పుకుంది. గేటు తెరిచి ఉంచేది పొద్దున ఏడు నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి ఏడు.

తెరిచే రోజు డాక్టరు, మేనేజరు, కొత్త వాచ్‌మన్, ఓ పదిమంది ఇళ్ళవాళ్ళు గేటు దగ్గర చేరారు.

"తాళంచెవి?" అన్నాడు డాక్టరు, మేనేజరుకేసి చూసి.

"మీ దగ్గర లేదా?" అన్నాడు మేనేజరు.

ఎవరి దగ్గరా లేదు. రంగు వేసిన మేస్త్రీ, రంగు ఆరేదాకా ఎవరూ ముట్టుకోకూడదని తన సొంత తాళం వేసి, పనైపోగానే చెవితో సహా వెళ్ళిపోయాడట. ఏడాదికి పైగా అంతమంది పోట్లాడుకున్నది ఎవరి దగ్గరా చెవి లేని తాళం గురించి. కండక్టరమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేనేజరు అప్పుడే, తాళం పగలగొట్టాలంటే పై ఆఫీసు నుంచి కాగితం కావాలని మొదలుపెట్టాడు.

డాక్టరింటి వంటామె చెత్తబుట్ట పట్టుకుని అటే వచ్చింది. గుంపు చూసి ఆగింది. కండక్టరమ్మ విషయం చెప్పింది.

"మా మరిది తాళాలే బాగుచేస్తాడక్కా," అంది వంటామె. "ఇక్కడే, గోడ అవతల. కేకేస్తే పలుకుతాడు."

"అయితే కేకెయ్యి."

వంటామె మొహమాటపడుతూ పిలిచింది. పలుకు లేదు. కండక్టరమ్మ కొంగు నడుముకు దోపుకుని, ఇరవై ఆరేళ్ళు వెనక సీటుదాకా వినిపించిన గొంతుతో ఒక్క కేక పెట్టింది. చెట్ల మీద పిట్టలు లేచాయి. మరిది పలకడమే కాదు, సరంజామాతో నిచ్చెనేసుకుని గోడెక్కి మరీ దిగాడు. ఇంత ఎత్తు గోడ ఎక్కడం అంత తేలికా అన్నట్టు డాక్టరు చూశాడు. అర నిమిషంలో తాళం ఊడింది.

మర్నాడు పొద్దున ఆమె గేటు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. పది గంటలకు కాగితం చూసుకుంది. లోపలి నుంచి బస్సుకు వెళ్ళినవాళ్ళు అయిదుగురు. బయట నుంచి లోపలికి వచ్చినవాళ్ళు నలభై ముగ్గురు: వంటవాళ్ళు, పనివాళ్ళు, తోటమాలి, పసిపిల్లల్ని చూసుకునేవాళ్ళు. వాళ్ళలో మొన్నటిదాకా పదిహేనుమంది షేర్ ఆటోల్లో, అయిదారుగురు మోటారు సైకిళ్ళ వెనకాల వచ్చేవాళ్ళు. ఇప్పుడందరూ నడిచే వచ్చారు.

"రోజుకు గంట మిగులుతోందక్కా," అంది వంటామె వారం తర్వాత. "పిల్లల్ని నేనే తయారుచేసి పంపించి మరీ వస్తున్నా."

లోపలివాళ్ళు మెల్లగా పెరిగారు. అయిదుగురు తొమ్మిదయ్యారు, పదిహేడయ్యారు, ఇరవై రెండు దగ్గర ఆగిపోయారు. మళ్ళీ ఇల్లిల్లూ తిరిగింది. ఈసారి నాలుగు నిమిషాలని ధైర్యంగా చెప్పింది. "గేటు తీశారటగా, మంచి పని చేశారు," అన్నారందరూ. "మీరెప్పుడొస్తారు?" అంటే నీళ్ళు నమిలారు. ఒకరికి ల్యాప్‌టాప్ బరువు, ఒకరికి చెమట. ఒకాయనైతే, కారు ఎలాగూ ఉంది కదమ్మా అన్నాడు. టీచరు వారానికి రెండు రోజులు వస్తానంది. ఒక రోజు వచ్చింది.

గేటు మూసి ఉన్నన్నాళ్ళూ తప్పు గేటుదనుకుంది. తెరిచాక ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఇంట్లో దర్జీ మీద తెచ్చుకుంది. ఆయన తల వంచుకుని గుండీలు కుట్టుకున్నాడు.

రెండేళ్ళు నిండాయి. ఆఖరి ఫారం వచ్చింది. అందులో ఇళ్ళవాళ్ళ ప్రయాణాలకే గడులున్నాయి. ఇళ్ళవాళ్ళ కార్లు తగ్గింది నూటికి ఆరు. బయట నుంచి పనికొచ్చేవాళ్ళకు ఒక్క గడి కూడా లేదు. ఆమె అంచున ఖాళీగా ఉన్న చోట చిన్న అక్షరాలతో, 'రోజూ నలభై ముగ్గురు ఈ గేటులోంచి నడిచి పనికి వస్తున్నారు' అని రాసింది.

మేనేజరు చదివి, "ఇది కొట్టేయాలమ్మా," అన్నాడు.

"ఎందుకు?"

"వీళ్ళు మన నివాసులు కారు కదా. లెక్కలోకి రారు."

"రోజూ వస్తున్నారు బాబూ. లెక్కలోకి రారంటే ఎలా?"

"ఫారంలో గడి లేదు."

"అందుకే అంచున రాశాను."

ఆయన కొట్టేయమన్నాడు, ఆమె కొట్టేయనంది. కాసేపు ఇద్దరూ ఫారం చెరో అంచూ పట్టుకుని నిలబడ్డారు. చివరికి ఆయనే వదిలేశాడు. ఆ ఫారం అలాగే వెళ్ళిందో, తర్వాత ఆయన వేరేది నింపి పంపాడో ఆమెకు తెలియదు. ఆమెకు ఇంకో ఏడాది పొడిగింపు ఇవ్వలేదు. గది తాళంచెవి తీసుకుని, ఒక కాగితం ఇచ్చారు. అందులో 'సేవలు సంతృప్తికరం' అని ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

గేటు ఇప్పటికీ వేళకు తెరుస్తున్నారని వంటామె ఫోనులో చెబుతుంటుంది. ఆదివారాలు మాత్రం వాచ్‌మన్ రాడు, ఆ రోజు చుట్టూ తిరగాల్సిందేనట. దాని గురించి కండక్టరమ్మ సంఘానికి రెండు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు. మూడోది రాస్తోంది.

ఈ మధ్య ఊరికి ఇంకో వైపు కొత్తగా కాలనీ వేస్తున్నవాళ్ళు, ఎవరు చెప్పారో ఏమో, ఆమెకు ఫోను చేశారు. ఇలాంటి పనే, రెండేళ్ళు, మీకు అనుభవం ఉందట కదా అన్నారు.

"గోడ కట్టేశారా?" అని అడిగింది.

"ఎందుకండీ?"

"కట్టకముందు పిలిస్తే వస్తాను. కట్టేశాక పిలిస్తే రాను. ముందు పటం చూపించండి, ఎక్కడ దారి వదలాలో చెప్తాను."

అవతల కాసేపు ఎవరితోనో గుసగుసలు వినిపించాయి. పెద్దవాళ్ళనడిగి మళ్ళీ చేస్తామన్నారు. మూడు వారాలైంది, ఇంకా చేయలేదు. ఆమె ఫోను పక్కనే పెట్టుకుని, దర్జీ కుట్టిన చొక్కాలకు దారాలు కత్తిరిస్తూ కూర్చుంటోంది. గట్టిగా కత్తిరిస్తోందని, ఒక చొక్కాకు కాలరు చివర తెగిందని ఆయన గొణుగుతున్నాడు.